తగులూ మిగులూ పండుగల గురించి పంచాంగకర్తలకు బహిరంగ లేఖ

పూజ్యులైన పంచాంగకర్తలకు, పండిత సభల పెద్దలకు నమస్కారాలు.

నేను పండితురాలిని కాను. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో పండుగలు చేస్తున్న గృహిణిని. ప్రతి ఉగాదికీ రెండు పంచాంగాలు కొంటాను. ఒకటి మా పుట్టింటివాళ్ళు చూసేది, ఇంకొకటి మా అత్తింటివాళ్ళు చూసేది. వంటింటి గోడకి తగిలించే క్యాలెండరు మూడోది. ఈ మూడూ ఏడాది పొడుగునా ఒక్క మాట మీద ఉన్న సంవత్సరం ఈ మధ్య నాకు గుర్తులేదు. ఏదో ఒక పండుగ దగ్గర ఒకటి ఇవాళ అంటుంది, ఇంకొకటి రేపు అంటుంది. ఆ వారమంతా ఇంట్లో టెన్షనే.

2023 వినాయక చవితి సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. సెప్టెంబర్ 18 అని కొందరు, 19 అని కొందరు. మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ళు 18న పూజ చేసుకున్నాయి, సగం 19న. మా ఇంట్లో 18న పాలవెల్లి కట్టి, ఉండ్రాళ్ళు చేసి, కథ చదువుకుని అక్షింతలు వేసుకున్నాం. మా ఆడపడుచు వాళ్ళు ఊళ్ళోనే ఉన్నా, వాళ్ళ పురోహితుడు 19 అన్నారని రాలేదు. ఏటా రెండు కుటుంబాలూ కలిసి చేసుకునే పూజ ఆ ఏడు విడివిడిగా అయింది. 17 సాయంత్రం మా వీధి చివర పత్రి అమ్మే ఆవిడ పల్లె నుంచి రెండు మూటలు తెచ్చుకుంది. మాచీపత్రం, ఉత్తరేణి, జిల్లేడు, వావిలి అన్నీ వేరువేరు కట్టలు కట్టుకుని వచ్చింది. మొదటి రోజు సగమే అమ్ముడుపోయింది. మిగతా సగానికి మర్నాటిదాకా నీళ్ళు చల్లుకుంటూ కూర్చుంది. ఒక్క రోజు బేరం మీద వచ్చే మనిషికి రెండు రోజుల పండుగ వస్తే ఏమవుతుందో నేను అప్పుడే చూశాను.

పక్కింటి పిల్లవాడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "ఆంటీ, మేము రేపు చేస్తాం కదా, మరి ఇవాళ చంద్రుణ్ణి చూడొచ్చా?" నేను తెల్లబోయాను. 18 సాయంత్రానికి చవితి ఉంది. 19 సాయంత్రానికి ఏ పంచాంగం చూసినా పంచమి వచ్చేసింది. అంటే 19న పూజ చేసుకున్నవాళ్ళు శమంతకమణి కథ చదవకముందే, అక్షింతలు తల మీద పడకముందే, చవితి చంద్రుడు ఆకాశంలో ఉన్న సాయంత్రం గడిచిపోయింది. ఆ పిల్లవాడు అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర లేదు. పంచాంగంలో వెతికాను, అందులోనూ లేదు. "వినాయక చవితి" అనే మాట ఉంది, తేదీ ఉంది, అంతే.

ఆ జవాబు కోసమే ఈ లేఖ రాస్తున్నాను.

పండుగ తిథి రెండు రోజుల మీద పడే ఈ తగులూ మిగులూ కొత్తగా వచ్చినవి కావని నాకు తెలుసు. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒకసారి వేగం, ఒకసారి నిదానం కనుక తిథి ఒకప్పుడు 20 గంటల్లోనే ముగుస్తుంది, ఒకప్పుడు 26 గంటలు దాటుతుంది. అది సూర్యోదయంతో మొదలై సూర్యోదయంతో పూర్తి కాదు. మధ్యాహ్నం మొదలై మర్నాడు మధ్యాహ్నం పోవచ్చు. అందుకే పండుగ రెండు రోజుల మీద పడుతుంది. ఇందులో మీ తప్పు ఏమీ లేదు. అయితే ఆ రెండు రోజుల్లో ఏది ఎందుకు తీసుకోవాలన్నది మీరు మాకు చెప్పడం మానేశారు. నా బాధ అదే.

మా అత్తగారు పెద్దగా చదువుకోలేదు. కానీ ఆవిడ ఒక మాట అనేవారు: "ప్రతి పండుగకీ ఒక వేళ ఉంటుందమ్మా, ఆ వేళకి తిథి ఉండాలి." నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. పొద్దున్న సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజంతా అదే అని నేనూ అనుకునేదాన్ని. చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. తర్వాత ఒక్కొక్కటీ తెలుసుకుంటూ వస్తే, ఏడాది పొడుగునా మన పండుగలు రోజులో ఒక్కో గంటకి కట్టి ఉన్నాయని అర్థమైంది. రాముడు పుట్టింది మధ్యాహ్నం, కనుక నవమి మధ్యాహ్నానికి ఉండాలి. వినాయకుడికీ మధ్యాహ్నమే. కృష్ణుడు పుట్టింది అర్ధరాత్రి, కనుక అష్టమిని అర్ధరాత్రి చూడాలి. శివరాత్రికి లింగోద్భవ కాలం అర్ధరాత్రి, కనుక మాఘ బహుళ చతుర్దశి ఆ వేళకి ఉండాలి. పొద్దున్న త్రయోదశి ఉన్నా ఫరవాలేదు. విజయదశమికి అపరాహ్ణం, అంటే మధ్యాహ్నం దాటాక జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళే వేళ. దీపావళికి ప్రదోషం, దీపం పెట్టే వేళ. రథసప్తమికి తెల్లవారుజాము, తల మీద జిల్లేడాకులు, రేగిపళ్ళు పెట్టుకుని స్నానం చేసే వేళ. అట్లతద్దికి చంద్రోదయం. గోరింటాకు పెట్టుకుని, తెల్లవారకముందే అన్నం తిని, ఉయ్యాలలూగి, పగలంతా ఉపవాసం ఉన్న పిల్లలు అట్ల నోము చేసి చంద్రుణ్ణి చూసి తినాలి కనుక, ఆ చంద్రుడు వచ్చే వేళకి తదియ ఉండాలి. మా నాన్నగారి తద్దినం తిథి కూడా అపరాహ్ణానికే చూడాలని తెలిసిన రోజున నాకు ఎంతో ఊరట కలిగింది. అప్పటిదాకా ప్రతి ఏడూ, తప్పు రోజున పెడుతున్నానేమోనని లోపల ఒక భయం ఉండేది.

ఇది తెలిస్తే సగం గొడవ పోతుంది. ఇంత అందమైన ఏర్పాటును మీరు "ఉదయవ్యాప్తి", "ప్రదోషవ్యాప్తి", "పరవిద్ధ", "పూర్వవిద్ధ" అనే మాటల వెనక దాచేశారు. ఆ మాటలు తప్పని నేను అనడం లేదు. ధర్మసింధు, నిర్ణయసింధు లాంటి ధర్మశాస్త్ర గ్రంథాలు చూసి నిర్ణయం చేసేవాళ్ళకి అవి కావాలి. కానీ పంచాంగం కొనేది ఇంటివాళ్ళం. "ఈ ఏడు చవితి 18 మధ్యాహ్నానికి వచ్చి 19 మధ్యాహ్నం దాకా ఉంది, ఫలానా కారణం వల్ల 18న చేసుకోవాలి" అని ఒక్క వాక్యం తెలుగులో వేస్తే మీ పంచాంగానికి ఎన్ని పేజీలు పెరుగుతాయి? ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు, కందాయ ఫలాలు పన్నెండు రాశులకీ విడివిడిగా వేస్తున్నారు. ఏడాదిలో వివాదం వచ్చే పండుగలు నాలుగో అయిదో ఉంటాయి. వాటికి ఒక పేజీ చాలు.

2024 దీపావళి మరీ బాధ పెట్టింది. అక్టోబర్ 31న దాదాపు సాయంత్రం 4 గంటలకి అమావాస్య మొదలైంది. నవంబర్ 1 సాయంత్రం 6 దాటాక పోయింది. 31 సాయంత్రం దీపాల వేళంతా అమావాస్యే. 1న మాత్రం సూర్యాస్తమయం అయ్యాక కాసేపు ఉంది. రెండు రోజులూ దీపాల వేళని అమావాస్య తాకింది కనుక దేశంలో ఎక్కువమంది 31 అన్నారు, కొందరు 1 అన్నారు. ఇందులో ఇరుపక్షాలకీ శాస్త్రం ఉంది, అది నేను ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోలేనిది పండుగకి వారం రోజుల ముందు టీవీల్లో, ఫోన్లలో వచ్చిన మాటలు. "ఆ రోజు లక్ష్మీపూజ చేస్తే ఇంటికి అరిష్టం" అని ఒకాయన, "ఈ రోజు చేస్తే ఫలితం రాదు" అని ఇంకొకాయన. మా చెల్లెలు అప్పటికే 31కి అన్నీ సర్దుకుంది. ఆ వీడియో చూసి ఏడుస్తూ ఫోన్ చేసింది. దాని కొడుకు హాస్టల్ నుంచి ఒక్క రోజు సెలవు మీద వస్తున్నాడు. రైలు టికెట్టు మార్చుకోవడం ఎలా? మార్చుకోకపోతే అరిష్టమా? అయ్యా, దీపం వెలిగించినందుకు ఏ ఇంటికీ అరిష్టం రాదు. మీరు పెద్దలు. మీలో ఒకరు ఇలాంటి మాట అన్నప్పుడు మిగిలినవాళ్ళు ఆ రోజే, అక్కడే "అది తప్పు, అలా భయపెట్టకండి" అని గట్టిగా చెప్పాలి. మీరు మౌనంగా ఉంటే మేము దాన్ని అంగీకారం అనుకుంటాం.

ఇక గణితం సంగతి. ఇది నేను మాట్లాడదగ్గ విషయం కాకపోవచ్చు, అయినా అర్థమైనంత రాస్తాను. పూర్వ గణితం, అంటే పాత సిద్ధాంతాల లెక్క పట్టుకున్నవారు తిథి అయిదు ఘడియలకు మించి పెరగదు, ఆరు ఘడియలకు మించి తగ్గదు అంటారు. "బాణవృద్ధి రసక్షయం" అని మా తాతగారు అనగా చిన్నప్పుడు విన్నాను. ఘడియ అంటే 24 నిమిషాలు కనుక, ఆ లెక్కన తిథి 26 గంటలు మించకూడదు, ఇరవై ఒకటిన్నర గంటలకి తగ్గకూడదు. దృగ్గణితం వాళ్ళు ఆకాశంలో చంద్రుడు ఎక్కడ కనిపిస్తే అక్కడే లెక్క వేస్తారు. ఆ లెక్కలో తిథి ఈ హద్దులు రెండు వైపులా దాటుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర రెండు గణితాలకీ తేడా తక్కువ. అష్టమి చుట్టూ తేడా పెరిగి కొన్ని గంటలదాకా వెళ్తుంది. కృష్ణాష్టమి, దుర్గాష్టమి దగ్గర రెండు పంచాంగాలు రెండు దారులు పట్టడానికి ఇదీ ఒక కారణమని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మామూలు మనుషులకి ఎవరూ ఈ ముక్క చెప్పరు. ఒక పంచాంగం అబద్ధం, ఇంకొకటి నిజం అనుకుని ఇళ్ళల్లో పోట్లాడుకుంటారు.

నా మనసు దృగ్గణితం వైపే ఉంది, దాచుకోను. 2022లో దీపావళి మర్నాడు, అక్టోబర్ 25 సాయంత్రం, సూర్యగ్రహణం పట్టింది. నా దగ్గరున్న పంచాంగాలన్నీ ఆ గ్రహణానికి మాత్రం ఒకే సమయం వేశాయి. గ్రహణం కంటికి కనిపిస్తుంది కనుక అక్కడ అందరూ ఆకాశాన్నే నమ్ముతున్నాం. మరి అదే సూర్యుడు, అదే చంద్రుడు చేసే అష్టమికి వేరే లెక్క ఎందుకు? తరాలుగా వచ్చిన సిద్ధాంతం వదలలేమని అనేవారి మీద నాకు గౌరవం ఉంది. వదలమని అడగను. అట్ట మీద పెద్ద అక్షరాలతో ఇది ఏ గణితమో వేయండి. లోపల ఒక చోట, రెండో గణితంతో ఏ పండుగ మారుతుందో కూడా వేయండి. కొనేవాళ్ళకి తెలిసి కొనుక్కునే అవకాశం ఇవ్వండి.

దేశం కూడా ఈ చిక్కును ఎప్పుడో చూసింది. 1952లో శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం వేశారు. దేశంలో దాదాపు ముప్పై రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయని అప్పుడే లెక్క తేలింది. ఆ సంఘం చెప్పిన జాతీయ క్యాలెండరు 1957 మార్చి 22 నుంచి అమలులోకి వచ్చింది. ఆకాశవాణిలో, గెజిట్‌లో ఆ శక సంవత్సరపు తేదీ ఉంటుంది. ఇళ్ళల్లోకి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదంటే, పండుగ గెజిట్ చెబితే చేసుకునేది కాదు. ఇంటి పురోహితుడు, గుడి పూజారి, పెద్దవాళ్ళు చెబితే చేసుకునేది. అందుకే నేను ఈ లేఖ ప్రభుత్వానికి రాయకుండా మీకు రాస్తున్నాను. ప్రభుత్వం సెలవు ఇస్తుంది. పండుగ ఏ రోజో చెప్పాల్సింది మీరే.

అన్ని పండుగలూ అందరికీ ఒకే రోజు రావాలని నేను పట్టుబట్టడం లేదు. స్మార్తులకి ఒక కృష్ణాష్టమి, వైష్ణవులకి ఇంకొక కృష్ణాష్టమి ఉంటాయి. 2023లో సెప్టెంబర్ 6, 7 తేదీల్లో రెండూ చూశాం. అది వివాదం కాదు, సంప్రదాయం. అమావాస్యతో నెల ముగిసే మనకీ, పౌర్ణమితో ముగిసే ఉత్తరాది వారికీ నెల పేర్లు వేరు. మన శ్రావణ బహుళ అష్టమినే వాళ్ళు భాద్రపదం అంటారు. రోజు మాత్రం అదే. చాలామంది నాగపూజ శ్రావణ పంచమికి చేస్తే, మనలో ఎక్కువమంది పుట్టలో పాలు పోసేది కార్తీకంలో దీపావళి వెళ్ళిన నాలుగో రోజున. నేను ఉండే వీధిలో బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిది రోజులు ఆడతారు. మా పుట్టింట్లో ఆ రోజుల్లో బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. ఈ తేడాలు ఉండాలి, ఇవే మన సొత్తు. నేను అడిగేది ఒక్కటే: ఒకే ఊళ్ళో, ఒకే సంప్రదాయంలో ఉన్న అన్నాచెల్లెళ్ళ ఇళ్ళు రెండు రోజులు కాకూడదు.

ఈ పరాభవ సంవత్సరమే చూడండి. 2026 మార్చి 19 ఉగాది. దృగ్గణితం ప్రకారం ఆ పొద్దున్న సూర్యోదయానికి ఇంకా అమావాస్యే ఉంది. కాసేపటికి పాడ్యమి వచ్చింది, మర్నాడు తెల్లవారకముందే వెళ్ళిపోయింది. ఏ సూర్యోదయాన్నీ తాకని పాడ్యమి అది, క్షయ తిథి. పొద్దున్న ఉన్న తిథే లెక్క అనుకునేవాళ్ళకి ఈ ఏడు ఉగాదే లేనట్టు! "అమావాస్య నాడు ఉగాది పచ్చడి తినొచ్చా" అని మా వీధిలో నలుగురు నన్ను అడిగారు. వాళ్ళకి క్షయ తిథి అంటే ఏమిటో చెప్పాను. అయిదు నిమిషాలు పట్టింది. విన్నాక ఎవరికీ అనుమానం మిగల్లేదు. నేనే అయిదు నిమిషాల్లో చెప్పగలిగితే, మీరు గుళ్ళో పంచాంగ శ్రవణంలో ఎంత బాగా చెప్పగలరు!

అధిక మాసం గురించీ అలాగే చెప్పండి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం. 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు వరలక్ష్మీవ్రతం ఏ శ్రావణంలో చేయాలని పెళ్ళయిన కొత్తలో ఉన్న అమ్మాయిలు ఎంత కంగారు పడ్డారో నాకు తెలుసు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు, సౌర సంవత్సరానికి 365. ఏటా వచ్చే ఈ పదకొండు రోజుల తేడాని సరిచేసేది అధిక మాసం. అదే లేకపోతే పాతికేళ్ళు తిరక్కుండా ఉగాది ఎన్నో రుతువులు దాటిపోతుంది. పచ్చట్లోకి వేపపువ్వు దొరకదు, కొత్త మామిడికాయ ఉండదు. వేపపువ్వు కోసం పెద్దలు నెలనే ఒకటి అదనంగా కలిపారని చెబితే ఏ పిల్లలు వినరు? అధిక మాసం అనగానే శుభకార్యాలు చేయకూడదన్న ఒక్క మాటే చెప్పి ఊరుకుంటున్నాం.

సంక్రాంతి సూర్యుడిది కనుక దానికి తిథి గొడవ లేదు. కానీ జనవరి 14 అని బడిలో నేర్చుకున్నవాళ్ళకి 2024లో 15న వస్తే అదీ అనుమానమే. దానికీ రెండు వాక్యాలు వేయండి.

బయటి దేశాల్లో ఉన్న పిల్లల గురించి ఒక మాట. తిథి మారే క్షణం ప్రపంచమంతటా ఒకటే. సూర్యోదయం, సూర్యాస్తమయం మాత్రం ఊరిని బట్టి మారతాయి. అందుకని మన పండుగ రోజు, వాళ్ళ పండుగ రోజు ఒక్కోసారి వేరవుతాయి. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. హైదరాబాద్ పంచాంగం చూసి అక్కడ ఏకాదశి ఉపవాసం ఉండేది. అక్కడి సూర్యోదయానికి లెక్క కట్టిన పంచాంగం చూడాలని దానికి ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. ఇక్కడి పంచాంగం ఏ ఊరి సూర్యోదయానికి లెక్క కట్టిందో, ఎంత దూరం వరకు పనికొస్తుందో మొదటి పేజీలో ఉంటే ఇలాంటి పొరపాట్లు జరగవు.

మీలో కొందరు ఇప్పటికే సభలు పెట్టి, పండుగల జాబితా తయారుచేసి ప్రభుత్వాలకి ఇస్తున్నారని పత్రికల్లో చదువుతున్నాను. సంతోషం. కానీ ఆ సభలోకి రెండు గణితాల వాళ్ళూ, రెండు రాష్ట్రాల వాళ్ళూ, పెద్ద దేవస్థానాల ఆస్థాన పండితులూ కలిసి రావాలి. పంచాంగాలు అచ్చుకి వెళ్ళకముందే, కార్తీకం నాటికే కూర్చోవాలి. ఎన్ని రోజులు వాదించుకున్నా ఫరవాలేదు, లోపల వాదించుకోండి. బయటికి వచ్చేటప్పుడు ఒక తేదీతో, ఒక కారణంతో రండి. ఒప్పుకోనివారు ఉంటే వారి కారణాన్ని కూడా గౌరవంగా అచ్చు వేయండి. అంతేగాని పండుగ వారంలో తేదీలు మార్చకండి. కుండలు, ప్రమిదలు చేసేవాళ్ళు, బంతిపూలు పెంచేవాళ్ళు, మట్టి విగ్రహాలు పోసేవాళ్ళు మీ తేదీని నమ్ముకునే నెలల ముందు పని మొదలుపెడతారు.

ప్లవంగ నామ సంవత్సరం వచ్చే ఉగాదికి మొదలవుతుంది. మా వీధి రామాలయంలో సాయంత్రం పంచాంగ శ్రవణానికి ఏటా యాభై అరవై మందిమి వెళ్తాం. నవనాయకుల ఫలితాలు, వానలు, పంటలు చదివాక ఒక పావుగంట ఆ ఏడు తగులూ మిగులూ వచ్చే పండుగల గురించి చెప్పమని మా పూజారిగారిని అడిగాను. "పంచాంగంలో రాసి ఉంటే తప్పకుండా చదువుతానమ్మా" అన్నారు. రాయండి.

ఇట్లు,
మీ పంచాంగం చూసి పండుగలు చేసుకునే ఒక గృహిణి